పట్టాలు లేని దేశపు చివరి వాక్యం

ఆ ఆదివారం సాయంత్రం మా ముందుగదిలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో, ఈ క్రింది విధంగా ఉన్నారు. కిటికీ పక్కన వాలుకుర్చీలో నేను. రైళ్ళ నడకను నియంత్రించే కార్యాలయంలో ముఖ్య కంట్రోలరుగా పదవీ విరమణ చేసినవాడను. నాకు ఎడమవైపు, తనకు తప్ప మరెవరికీ సరిపోని పొట్టి కుర్చీలో నా శ్రీమతి. ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించి విరమించినది, ఇంట్లో బోధన మాత్రం విరమించనిది. ఆమె పక్కన, సోఫాలో మూడు వంతులు ఆక్రమించి, ఆమె తమ్ముడు, అనగా నా బావమరిది. ఏ విషయం మీదనైనా ముందు అనుమానం వెలిబుచ్చి, తరువాత విషయమేమిటని అడిగే స్వభావం వల్ల ఇతనిని కుటుంబమంతా ‘సందేహం’ అంటుంది. సోఫాలో మిగిలిన నాలుగో వంతులో, ఒళ్ళో సంచితో ప్రచురణకర్త. అందరికీ ఎదురుగా, భోజనాల బల్ల దగ్గరినుంచి తెచ్చుకున్న చేతుల్లేని కుర్చీలో, ప్రూఫు కాగితాలతో మా కోడలు. మా అబ్బాయి హాజరైనవారిలో లేడు; ఆసుపత్రిలో అతనికి డ్యూటీ.

హాజరు ముందుగా నమోదు చేయడం నాకు ఉద్యోగం నేర్పిన పద్ధతి. ఏం జరిగిందన్నది తేల్చడానికి ముందు ఎవరెవరున్నారన్నది తేల్చుకోవాలి. లేకపోతే, మంచి జరిగితే అందరూ ఉన్నామంటారు, చెడు జరిగితే ఎవరూ లేమంటారు.

మేము సమావేశమైన కారణం ‘నీరు నడిచిన దేశం’ అనే నవలామాలిక. ఇది వేరే భాషలో ఒక రచయిత్రి ముప్పై ఏళ్ళుగా రాస్తూ వచ్చిన పద్నాలుగు సంపుటాల కథ. జరిగిన చరిత్రను ఒక్క చోట మెలితిప్పి, అక్కడినుంచి అది మరో దారిన పోయి ఉంటే దేశం ఎలా ఉండేదో ఊహించే రకపు రచన. ఇందులోని మెలిక ఒక్కటే. ఆవిరియంత్రాన్ని చక్రాల మీద ఎక్కించి మొదటిసారి నడిపి చూపిన రోజున, మంత్రులందరూ గుడారం కింద కూర్చుని చూస్తుండగా, దాని బాయిలరు పేలిపోతుంది. బెదిరిపోయిన ప్రభుత్వం అటువంటి బండిని శాశ్వతంగా నిషేధిస్తుంది. ఆ తరువాత ఆ దేశం తన తెలివినీ సంపదనూ కాలువల మీద పెడుతుంది. పడవలు, వాటిని నడిపే సరంగులు, నీటిని ఆపి వదిలే లాకులు, నీటి తగాదాలు, ఎండాకాలం వస్తే మధ్యలో ఆగిపోయే యుద్ధాలు. రైలు లేదు. రైలు కట్ట లేదు. రైలు కూత వినని దేశమది.

ఈ మాలికను తెలుగులోకి తెస్తున్నది మా కోడలు. పగలంతా ఒక బీమా కంపెనీలో పాలసీ షరతులను తెనిగిస్తుంది. సాయంత్రాలు ఈ దేశాన్ని తెనిగిస్తుంది. మొదటి సంపుటానికి ముందుమాట రాస్తూ ఆమె ఒక ప్రతిజ్ఞ చేసింది. ఆ వాక్యాలు నాకు కంఠతా వచ్చును: “ఇది రైలు పుట్టని దేశపు కథ. కనుక రైలుతో పుట్టిన మాట ఒక్కటి కూడా ఇందులో ఉండదు. ఎవరికైనా కనబడితే చెప్పండి, తప్పు నాది.” ఒక విమర్శకుడు దీనిని పంతమన్నాడు. మరొకాయన కుర్రతనమన్నాడు. పాఠకులు మాత్రం దీనిని పందెంగా తీసుకుని, ప్రతి సంపుటాన్నీ పేను దువ్వెనతో దువ్వినట్టు దువ్వారు. పదమూడు సంపుటాలు వెలువడ్డాయి. ఒక్క మాట దొరకలేదు.

ఈ కీర్తిలో నాకు కొంత వాటా ఉన్నది. వినయం పేరిట ఆ సంగతి దాచడం అసత్యమవుతుంది కనుక చెబుతున్నాను.

మొదటి సంపుటం ప్రూఫులు ఇంటికి వచ్చిన రోజున నేను వాటిని చదవడానికి పూనుకున్నది అభిమానంతో కాదు, అభ్యంతరంతో. మొదటి అధ్యాయంలోనే నా ఉద్యోగం పుట్టకముందే పేలిపోయింది. నా జీవితమంతా బండి తరువాత బండిని ఢీకొనకుండా దాటించిన నాకు, అసలు బండే లేని దేశమొకటి ఉండవచ్చుననడం మర్యాదగా తోచలేదు. ఆ మాటే నా శ్రీమతితో అన్నాను.

“రైలు రాకపోయి ఉంటే ఏమయ్యేదో చెబుతారుట. ఇదేం చరిత్ర? రాకపోతే కదా!”

ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ, “అత్తకు మీసాలుంటే మామ అవును. అంతేగా,” అన్నది.

“అంతే! సరిగ్గా అంతే!”

“అయితే మీకు కోపమెందుకు? వ్యాకరణంలో దీనికి పేరుంది. వస్తే, ఉంటే, చేస్తే, వీటిని చేదర్థకం అంటారు. కోడలు తెస్తున్నది ఒక పెద్ద చేదర్థకం. పద్నాలుగు సంపుటాల చేదర్థకం.”

అప్పుడే వచ్చిన సందేహం చెప్పులు విడుస్తూ, “చేదుగా ఉంటుందా అక్కయ్యా?” అని అడిగాడు.

“నీ మొహంలా ఉంటుంది. లోపలికి రా.”

చదివాను. తప్పులు పట్టుకుని, వాటన్నిటినీ రచయిత్రికి ఒక గట్టి లేఖగా రాయాలన్నది నా సంకల్పం. నూరు పేజీలు దాటేసరికి లేఖ సంగతి మరచి, సరంగమ్మ లాకు దాటుతుందా లేదా అన్నది నా సొంత విషయమైపోయింది. సరంగమ్మ ఈ మాలికకు కథానాయిక. మొదటి సంపుటంలో తండ్రి పడవలో చుక్కాని అందని పిల్ల, చివరి సంపుటంలో దేశంలోకెల్లా పెద్ద సరంగు. ఆమె తొలిసారి ఒంటరిగా పడవ నడిపే అధ్యాయంలో నా కన్ను ఒక వాక్యం దగ్గర ఆగింది. “ఎట్టకేలకు కొత్త కాలువ పథకం పట్టాలెక్కింది.”

కోడలిని పిలిచి వాక్యం కింద వేలు పెట్టాను. ఆమె చదివి, మళ్ళీ చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

“అయ్యో! పట్టాలెక్కడానికి పట్టాలెక్కడివి?”

“అదే నా ప్రశ్న.”

“మామయ్యగారూ,” అన్నది కాసేపటికి, “ఇది కనబడింది కాబట్టి సరిపోయింది. కనబడనివి ఎన్నున్నాయో! నేను రైల్లో తిరుగుతూ పెరిగినదాన్ని, నా నోట్లో ఏది రైలుమాటో నాకే తెలీదు. మీకు తెలుస్తుంది. చూసిపెడతారా?”

జీవితమంతా రైళ్ళకు దారి ఇచ్చినవాడిని, విశ్రాంత జీవితంలో రైలును ఒక పుస్తకంలోకి రానివ్వకుండా కాపలా కాయడానికి నియమింపబడ్డాను. ఇంతకంటే గౌరవప్రదమైన ఉద్యోగం నాకు ఉద్యోగంలో ఉండగా కూడా దొరకలేదు.

నాటినుంచి ప్రతి సంపుటమూ అచ్చుకు పోయే ముందు మా ముందుగదిలో బిగ్గరగా చదవబడుతుంది. రైలుతో పుట్టిన మాట ఎవరికి వినబడినా “పట్టా!” అని అరవాలి. మంత్రి పచ్చజెండా ఊపాడు, పట్టా! అతడిప్పుడు సరేనని తల ఊపుతున్నాడు. పిల్లలు చొక్కాలు పట్టుకుని చుక్‌చుక్‌మంటూ పరుగెత్తారు; పట్టా! ఇప్పుడు బాతుల్లా వరసగా నడుస్తున్నారు. చుట్ట కాల్చే లాకు అధికారి ఇంజనులా పొగ వదిలాడు. నా శ్రీమతే పట్టుకున్నది, ఇప్పుడు ఇటుకబట్టీలా వదులుతున్నాడు. ఏ అభ్యంతరమూ మిగలకపోతే నేను లేచి నిలబడి, బండిని వదలడానికి మేమిచ్చే అనుమతి మాట “లైన్ క్లియర్” అంటాను. రైలు లేని దేశాన్ని ఈ మాటతో సాగనంపడం హాస్యాస్పదమని సందేహం చాలాసార్లు నవ్వాడు. ఆ మాట పుస్తకంలో ఉండదు, నా నోట ఉంటుంది. నా నోటికి ఆ ప్రతిజ్ఞ వర్తించదని సమాధానమిచ్చాను.

ఇక ఆ ఆదివారం సంగతి. పద్నాలుగో సంపుటం, చివరి అధ్యాయం. మర్నాడు ఉదయం ప్రెస్సులో మిషనెక్కాలి. ప్రచురణకర్త స్వయంగా ప్రూఫులు తీసుకుపోవడానికి వచ్చాడు.

కోడలు చదవడం మొదలుపెట్టింది. ఆమె గొంతు పెద్దది కాదు. కానీ ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిసిన గొంతు. సరంగమ్మ ముసలిదైంది. ఆఖరి ప్రయాణం. కాలువ పక్క పల్లెల్లో రైతులకు ప్రభుత్వం పట్టాలు పంచుతున్నది...

“పట్టా!” అని సందేహం సోఫాలోంచి లేచినంత పని చేశాడు.

“అవి పొలం పట్టాలు, బాబాయిగారూ.”

“పట్టా పట్టాయే కదా! నిబంధన అంటే నిబంధన.”

నా శ్రీమతి తమ్ముడి వైపు తిరిగింది. “కిందటిసారి ‘కూతవేటు దూరం’ అంటే కూడా ఇలాగే ఎగిరావు. రైలు పుట్టకముందు మనుషులు కూతలు పెట్టలేదూ? కూర్చో. నిన్ను కంటానికి అవస్థపడుతూ అమ్మ పెట్టిన కూత నాకింకా గుర్తుంది.”

ప్రచురణకర్త సంచి చాటున నవ్వుకున్నాడు. పఠనం సాగింది. పాత లాకు దగ్గర సరంగమ్మ తన పడవలో తాను పని నేర్పిన కొత్త సరంగుకు వీడ్కోలు చెప్పదు. చెప్పవలసిన అవసరం లేనట్టు చుక్కాని పక్కన కాస్త చోటిస్తుంది. కోడలు ఆఖరి కాగితం తిప్పింది. చివరి వాక్యాన్ని చదివింది:

“కాలువగట్లు రెండూ పక్కపక్కనే సాగి సాగి, చూపు ఆనేచోట ఒక్కటైనట్టు కనిపించాయి, దగ్గరికి వెళ్తే అవి కలవవని ఆమెకు తెలుసు, అయినా వెళ్తూనే ఉంది.”

సందేహానికి కూడా సందేహం కలగలేదు. నేను కళ్ళద్దాలు తీసి, తుడిచి, తిరిగి పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళ కథకు, పద్నాలుగు సంపుటాల శ్రమకు తగిన ముగింపు అది. నేను లేచి నిలబడ్డాను.

“లైన్ క్లియర్.”

ప్రచురణకర్త చప్పట్లు కొట్టి, సంచిలోంచి ఒక పెద్ద కాగితం తీసి గాలిలో పరిచాడు. అది పుస్తకపు అట్ట. వెనకవైపు, నీలం మీద తెల్లటి అక్షరాలతో, ఆ వాక్యమే.

“ఈ వాక్యం కిందటి వారమే ఫోనులో చదివించుకున్నానండీ. ఆగలేకపోయాను. అట్ట అచ్చయిపోయింది. ప్రకటనలో కూడా ఇదే వేశాను. చదివినవాళ్ళందరూ ఒకటే మాట, ఈ ఒక్క వాక్యం కోసం పద్నాలుగూ కొనొచ్చని!” ఆయన చెయ్యి చాపాడు. “ఇవ్వండమ్మా, బయల్దేరతాను.”

కోడలు కాగితాలు ఇవ్వలేదు. అట్టమీది అక్షరాలనే చూస్తున్నది. బిగ్గరగా చదివినప్పుడు వినబడిన దానిని ఇప్పుడు పెద్ద అక్షరాల్లో మళ్ళీ చూసుకుంటున్నట్టుగా ఉన్నది ఆమె చూపు.

“ఇందులో పట్టా ఉంది,” అన్నది.

ప్రచురణకర్త చెయ్యి అలాగే నిలిచిపోయింది. “ఎక్కడ?”

నేను కాగితం అడిగి తీసుకుని, మాట వెంట మాటగా పరీక్షించాను. నా వృత్తిలో నేనెన్నడూ తొందరపడలేదు, అప్పుడూ పడలేదు. కాలువ ఉన్నది. గట్లు ఉన్నాయి. సాగడం, ఆనడం, కనిపించడం, వెళ్ళడం. ఇవన్నీ కాళ్ళూ కళ్ళూ ఉన్న ప్రతివారి మాటలే.

“అమ్మాయీ, రైలుతో పుట్టిన మాట ఇందులో ఒక్కటి కూడా లేదు. నీ ప్రతిజ్ఞ మాట గురించి. నిబంధన ప్రకారం ఈ వాక్యం నిర్దోషి.”

“మాట లేదు మామయ్యగారూ. చూపుంది.”

“చూపేమిటి?”

ఆమె కొంచెం తటపటాయించింది. “ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇందాక కళ్ళద్దాలు ఎందుకు తుడుచుకున్నారు?”

“దుమ్ము.”

“కిటికీ మూసే ఉందండీ,” అన్నది నా శ్రీమతి, ఎవరూ అడగకుండానే.

కోడలు నవ్వలేదు. “మీరు కాలవలు చాలా చూసుంటారు. కాలవ చూసి మీకెప్పుడైనా కళ్ళు చెమర్చాయా?”

ఆ ప్రశ్నతోనే నాకు సమాధానం తెలిసిపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్నొక చిన్న స్టేషనులో వేశారు. చుట్టూ బీడు. రోజుకు రెండు బండ్లు. సాయంత్రం బండి వెళ్ళిపోయాక నేను ప్లాట్‌ఫారం చివరకు నడిచి, పట్టాల మధ్య నిలబడి, అవి పోతూ పోతూ దూరాన ఒక్కటై కనబడేచోటికేసి చూస్తుండేవాడిని. అవి ఎక్కడా కలవవని నాకు తెలుసు. కలవకుండా చూడడానికే నాకు జీతమిస్తున్నారు. అయినా ఆ చోటికి వెళ్ళాలని ప్రతి సాయంత్రమూ అనిపించేది. నాలుగో సంపుటం చదువుతున్న రోజుల్లో, ఏదో సందర్భంలో, ఈ సంగతి కోడలికి చెప్పాను. మరెవరికీ చెప్పలేదు.

“అది మీ సాయంత్రం, మామయ్యగారూ,” అన్నది ఆమె మెల్లగా. “మూలంలోని వాక్యం మార్చి ఇది రాసేటప్పుడు నాకు తెలీలేదు. నాకే తోచిందనుకున్నాను, గర్వపడ్డాను కూడా. ఇప్పుడు పైకి చదివితే వినబడింది. పట్టాలు తీసేసి గట్లు పెట్టానంతే.”

సందేహం ముందుకు వంగాడు. “అయితే ఏమిటమ్మా? కాలవగట్లు కూడా దూరంగా చూస్తే అలాగే కనబడతాయిగా?”

“మన కాలవలు కనబడతాయేమో బాబాయిగారూ. సరంగమ్మవి కనబడవు. రెండో సంపుటం గుర్తుందా, పెద్ద సర్వేయరు చెప్పిన మాట?”

నా శ్రీమతికి గుర్తున్నది. ఆ వాక్యానికి తెలుగు సామెతను అమర్చి పెట్టింది ఆమెయే. “నీరు పల్లమెరుగు, గీత మనిషెరుగు. కొండ తవ్వి కాలవను తిన్నగా తీసుకుపోకూడదని చట్టం చేశారు.” ఆమె చేతిలోని గ్లాసు కింద పెట్టింది. “అవునే! ఆ దేశంలో కాలవలన్నీ వాలు చూసుకుని వంపులు తిరుగుతూనే పోతాయి. పద్నాలుగు పుస్తకాల్లో ఎక్కడా తిన్నని కాలవ లేదు!”

“లేదు అత్తయ్యా. రెండు గీతలు తిన్నగా పోయి దూరాన కలిసినట్టుండే దృశ్యం సరంగమ్మ తన జన్మలో చూసి ఉండదు. చూడనిది ఆమె కళ్ళకెలా కనబడుతుంది?”

నా పరీక్షలో మాటలన్నీ నెగ్గాయి, దేశం ఓడిపోయింది. రైలు మాటల వేషం తీసేసి, టిక్కెట్టు లేకుండా, పుస్తకపు ఆఖరి వాక్యంలో కూర్చుని ఉన్నది. దానిని ఎక్కించింది నేనే, పట్టుకోలేకపోయినదీ నేనే. ఎందుకంటే అది నా ముఖంలాగే ఉన్నది.

నిజం చెప్పవలసి వస్తే, ఆ క్షణంలో నాకు వాక్యం పోకూడదని అనిపించింది. నా యౌవనపు సాయంత్రమొకటి నీలపు అట్టమీద తెల్లటి అక్షరాలై నిలబడబోతున్నది. ఎవరికీ తెలియదు, నాకు తెలిస్తే చాలు. అందుచేత నేను ప్రచురణకర్త వైపు చూశాను, ఆయన వాదిస్తాడనే ఆశతో.

ఆయన వాదించాడు. “అమ్మా, అట్ట అచ్చయింది. ప్రకటన జనంలోకి వెళ్ళింది. ఇంతకీ మూలంలో ఏముంది?”

“‘మలుపు వచ్చింది. ఆమె చుక్కాని తిప్పింది.’ అంతే.”

“చూశారా! చప్పగా ఉంది. అందుకేగా మీరు మార్చారు? మీది వంద రెట్లు బాగుంది.”

“బాగుందండీ. అదే దాని తప్పు. నాకు చప్పగా తోచి ఉప్పేశాను. ఆ ఉప్పు ఆ దేశంలో దొరకదు.”

“ఎవరికి తెలుస్తుందమ్మా?”

“ఈ గదిలో ఐదుగురికి తెలిసిపోయిందిగా.”

“నాకింకా సందేహంగానే ఉంది,” అన్నాడు సందేహం. “నన్ను లెక్కలో వెయ్యకు.”

“సరే, నలుగురికి.”

ప్రచురణకర్త అట్టను మోకాళ్ళ మీద పరిచి, అరచేత్తో దువ్వాడు. పసిబిడ్డను ఎవరో అడుగుతుంటే ఇవ్వనంటున్నట్టుగా ఉన్నది ఆయన వాలకం. “పోనీ నేను మార్చనంటే?”

“మార్చకండి. ముందుమాటలో నేనిచ్చిన మాట తీసెయ్యండి. మొదటి సంపుటం నుంచీ. అమ్ముడుపోయిన కాపీల్లోంచి కూడా.”

ఆయన నా వైపు తిరిగాడు. “చూడండి సార్, మీరైనా చెప్పండి. మీరు పెద్దవారు. మీ మాట వింటుంది. మీరు లైన్ క్లియర్ ఇచ్చేశారు కదా!”

అందరూ నా వైపు చూశారు. కోడలు కూడా చూసింది. ఆ చూపులో అభ్యర్థన లేదు, సవాలు లేదు. నేను ఏమన్నా ఆమె తన నిర్ణయం మార్చుకోదని ఆ చూపు చెబుతున్నది. కానీ నేను ఏమంటానో ఆమెకు పట్టింపు ఉన్నదని కూడా చెబుతున్నది.

నేను లేచాను. చొక్కా గుండీ సర్దుకున్నాను. నా ఉద్యోగకాలంలో ఇచ్చిన లైన్ క్లియర్‌ను రద్దు చేయడం ఎంత గంభీరమైన చర్యో నాకు తెలుసు. బండి బయలుదేరక ముందైతేనే అది సాధ్యం. బండి బయలుదేరలేదు, కాగితాలు ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి.

“ఇంతకుముందు ఇచ్చిన లైన్ క్లియర్ రద్దు చేయడమైనది,” అన్నాను. “ఈ వాక్యం ముందుకు పోరాదు.”

“అయిపోయింది,” అని ప్రచురణకర్త సోఫాలో తన నాలుగో వంతులోకి ఇంకాస్త కుంగిపోయాడు. “మామాకోడళ్ళు ఒకటైతే ఇక నాబోటివాడు ఏం చేస్తాడు? అత్తాకోడళ్ళయితే మధ్యలో దూరేవాణ్ణి.”

నా శ్రీమతి అందుకున్నది. “మీరెప్పుడో వస్తారని మా ఇద్దరి పోట్లాట ఆపి ఉంచుకుంటామా?”

ఆయన నవ్వేశాడు. నవ్వినవాడు సగం ఒప్పుకున్నవాడు. ఫోను తీసి ప్రెస్సుకు మాట్లాడాడు. అట్టలు ఇంకా కోతకు పోలేదట. వెనకవైపు తిరిగి అచ్చు వేయించుకోవచ్చునట. ఆ పనివాళ్ళ చేత ఆయన ఎన్ని మాటలు పడ్డాడో మాకు వినబడలేదు. ఆయన చెవి మాత్రం ఎర్రబడడం కనబడింది.

“సరే. కొత్త వాక్యం ఇవ్వండి. వెనక అట్టకు కూడా అదే.”

ఇక గదిలో ప్రతివారూ రచయితలైపోయారు. గట్ల బదులు కొంగల బారు పెట్టమని సందేహం. నీటిమీద దీపం నీడ పెట్టమని ప్రచురణకర్త. కోడలు అందరికీ తల ఊపుతూ, కలం మూత నోట్లో పెట్టుకుని, ఏదీ రాయకుండా కూర్చున్నది. నా శ్రీమతి చాలాసేపు చూసి, పాఠశాలలో చివరి బెంచీ విద్యార్థిని పిలిచే గొంతుతో అన్నది:

“అమ్మాయ్, నిన్నెవరు తీర్చిదిద్దమన్నారు? ఆవిడ ముప్పై ఏళ్ళు రాసి ఆ రెండు ముక్కలు మిగుల్చుకుంది. ఆ రెండు ముక్కలే రాయి.”

కోడలు ఆ సుందరమైన వాక్యం మీద ఒక గీత గీసింది. తిన్నని గీత. దాని పక్కన రాసి, లేచి నిలబడి, ఆఖరి పేజీని మొదటినుంచి మళ్ళీ చదివింది. పాత లాకు. కొత్త సరంగు. చుక్కాని పక్కన ఇచ్చిన చోటు. ఆ పిమ్మట:

“మలుపు వచ్చింది. ఆమె చుక్కాని తిప్పింది.”

ఎవరికీ కళ్ళు చెమర్చలేదు. కానీ నేను వాలుకుర్చీలో ఎడమవైపుకు కొంచెం ఒరిగి ఉన్నానని కాసేపటికి గమనించాను. నా శ్రీమతి కూడా ఒరిగింది. సోఫాలో ఇద్దరూ ఒరిగారు; సందేహం బరువుకు ప్రచురణకర్త గోడకు ఆనిపోయాడు. పడవ తిరిగినప్పుడు అందులోని మనుషులు ఒరుగుతారు. మేమందరం ముప్పై ఏళ్ళ కథకు ప్రేక్షకులమని ఇంతకాలం అనుకున్నాం. ఆ రెండు ముక్కలతో రచయిత్రి మమ్మల్ని పడవలోకి ఎక్కించింది.

“మలుపు అవతల ఏముందమ్మా?” అని అడిగాడు సందేహం, నిజమైన కుతూహలంతో.

“తెలీదు బాబాయిగారూ. వంపు తిరిగే కాలవ కదా, కనబడదు.”

నేను మూడోసారి లేచాను.

“లైన్ క్లియర్.”

ప్రచురణకర్త కాగితాలు సంచిలో పెట్టుకుని, పాత అట్టను మడవబోయి, ఆగి, నాకు ఇచ్చాడు. “ఇది మీరే ఉంచుకోండి సార్. ఎలాగూ మీదేనని తేలిపోయిందిగా.” అది ఇప్పుడు నా బల్లమీద గాజుపలక కింద ఉన్నది. పుస్తకంలో లేని వాక్యం నా గదిలో ఉన్నది. ఉండవలసిన చోటనే ఉన్నది.

ఆయన వెళ్ళాక కోడలు గ్లాసులు ఎత్తుతూ నా దగ్గర ఆగింది. “బాధపడ్డారా మామయ్యగారూ?”

“బాధ ఎందుకు? నా డిపార్టుమెంటులో ఒక ఆచారం ఉన్నది. బండి నడిపినవాడికి జీతమిస్తారు. అందరూ బాగుందన్న దారిలో పగులు చూసి బండిని ఆపినవాడికి ప్రశంసాపత్రం ఇస్తారు. అటువంటి పత్రాలు చాలా నేను రాశాను. ఇంట్లోవాళ్ళకు రాసే అవకాశం ఇంతవరకు రాలేదు.”

“ఆ పత్రంలో రైలుమాటలు ఉంటాయేమో?”

“ఉంటాయి.”

“అయితే పుస్తకంలో వెయ్యడానికి లేదు,” అని నవ్వి వెళ్ళిపోయింది.

పుస్తకంలో చోటు లేదు కనుక దానిని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మా కోడలు, అనువాదకురాలు, ‘నీరు నడిచిన దేశం’ చివరి సంపుటం అచ్చుకు బయలుదేరుతున్న తరుణంలో, ముఖ్య కంట్రోలరు సహా హాజరైనవారందరూ మార్గము నిర్దుష్టమని ధ్రువీకరించిన పిమ్మట కూడా, తాను స్వయముగా వేసిన వాక్యములో ఎవరికీ కానరాని పగులును కనుగొని, అది తనకు మిక్కిలి ప్రియమైనదని ఎరిగియు, తన మామగారికి అంతకంటె ప్రియమైనదని ఎరిగియు, వెంటనే నిలుపుదల చేసి, పాఠకులకు ఇచ్చిన మాటను చివరి అక్షరము వరకు సురక్షితముగా గమ్యము చేర్చినందులకు, నేను ఇందుమూలముగా ఆమె కార్యమును సగౌరవముగా గుర్తించి, ప్రశంసించుచున్నాను.